కలం ఎత్తబడిన వారి దేహం ఎవరి బాధ్యత?

బుద్ధి కోల్పోయిన వ్యక్తిపై నుండి కర్మలు వ్రాసే కలం ఎత్తివేయబడుతుందని దైవప్రవక్త (స) తెలిపారు. నమాజ్ తప్పినా, నోటికొచ్చిందల్లా మాట్లాడినా ఆయనకు లెక్క లేదు. ఈ విషయం మన ఇళ్ళలో అందరూ ఎరిగినదే. అయితే దేహానికి కూడా మనిషిపై హక్కు ఉందని ఆ ప్రవక్తే (స) బోధించారు. ఆ హక్కు చెల్లించే తెలివి మనిషికి లేకుండా పోయినప్పుడు హక్కు కూడా పోతుందా? లేక అది వేరొకరిపై పడుతుందా?

ఈ ప్రశ్న మాకు కితాబులు చదివేటప్పుడు తట్టలేదు. మొగల్తూరులో ఒక ఇంటికి వెళ్ళి వచ్చాక తట్టింది.

ఆ ఇంటి పెద్దాయన ఒకప్పుడు కొబ్బరి వ్యాపారి. కొన్నేళ్ళుగా డిమెన్షియా. కొడుకు కువైట్‌లో ఉన్నాడు. ఇంట్లో కోడలు, హైస్కూలు చదివే మనవడు. అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న మనిషి ఉన్నట్టుండి రెండు రాత్రులు కేకలు వేశారు. గోడ మీద ఎవరో కూర్చున్నారన్నారు. ఒంటిమీది బట్టలు లాగేసుకున్నారు. "ఏదో సోకింది హజ్రత్, వచ్చి దమ్ చేయండి" అని కబురొచ్చింది. వెళ్ళాము. ఆయతులు చదివి ఊదాము, టీ త్రాగాము, వచ్చేశాము. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మూడవ నాడు జ్వరం వచ్చి నరసాపురం తీసుకువెళితే, డాక్టరు పరీక్ష చేయించి మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేల్చారు. మందులు పడ్డాక కేకలు ఆగిపోయాయి. మతిమరుపు పోలేదు, అది పోయేది కాదు. ఆ భయం మాత్రం పోయింది.

తరువాత కోడలు తలుపు చాటు నుండి చెప్పిన మాట ఇది: "మామగారి బట్టలు నేనెలా మార్చేది? పిల్లవాడు బడి నుండి వచ్చేదాకా తడిలోనే ఉంటారు. అందుకే నీళ్ళు ఇవ్వడం తగ్గించాను."

ఆమెను నిందించడానికి మాకు నోరు రాలేదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం తల్లిదండ్రుల సేవ కొడుకు బాధ్యత. కోడలు చేస్తే అది ఆమె ఔదార్యం, ఆమెపై ఉన్న అప్పు కాదు. కువైట్ నుండి డబ్బు పంపే కొడుకు ఆ డబ్బుతో తండ్రిని శుభ్రపరచడానికి ఒక మనిషిని కూడా కుదర్చాలి. ఎవరూ దొరకని అత్యవసర స్థితిలో కోడలు చేతికి తొడుగు వేసుకుని, పైన దుప్పటి కప్పి మార్చడానికి పండితులు అనుమతిస్తారు. నజాసత్ అంటిన బట్టను ఉతుక్కోవచ్చు. నీళ్ళు అందక మూత్రం చిక్కబడితే ఇన్ఫెక్షన్‌కు దారి సుగమమవుతుంది. రాత్రి పడుకునే ముందు కాస్త తగ్గించి పగలు ఎక్కువ ఇవ్వడం వేరు, దాహంతో ఉంచడం వేరు.

ఈ జబ్బుకు ఎవరి పేరు పెట్టారో ఆ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూసిన మొదటి రోగి ఆగస్ట్ డీటర్ అనే స్త్రీ. ఆమె 1906లో మరణించింది. మతిమరుపు నేరుగా ఆమె ప్రాణం తీయలేదు. మంచానికి అతుక్కుపోయిన ఒంటిపై పుండ్లు పడి, వాటి విషం రక్తంలో కలిసి చనిపోయింది. నేటికీ ఎక్కువగా జరుగుతున్నది ఇలాంటిదే. మ్రింగే శక్తి తగ్గి, అన్నం మెతుకో నీరో పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. మలబద్ధకం, పుచ్చిన పన్ను, క్రింద పడినప్పుడు తుంటి ఎముక విరగడం, వీటిలో దేన్నీ ఆ మనిషి నోరు తెరిచి చెప్పలేడు. చిరాకు పడతాడు, కొడతాడు, తిండి మానేస్తాడు. మనం "మతి లేదు కదా" అనేస్తాము. 2023లో వెలువడిన ఒక అధ్యయనం మన దేశంలో 60 ఏళ్ళు దాటిన వారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. అంటే ఇది ఏదో ఒక ఇంటి గోడు కాదు.

ఇది శిక్ష కూడా కాదు. అన్నీ తెలిసిన తరువాత ఏమీ తెలియని వయసుకు కొందరు చేర్చబడతారని దివ్యఖుర్ఆన్ నహ్ల్ సూరాలో తెలుపుతోంది. అటువంటి వయసు నుండి దైవప్రవక్త (స) స్వయంగా అల్లాహ్ శరణు వేడుకునేవారు.

బుద్ధి పోయిన వాని ఆస్తికి సంరక్షకుడు ఉండాలని ఫిఖహ్ గ్రంథాలు వివరంగా చెబుతాయి. మన వాళ్ళు కూడా ఆ అధ్యాయాన్ని బాగానే గుర్తుంచుకుంటారు! కొబ్బరి తోట ఎవరు చూడాలి, చెరువు లీజు ఎవరు తీసుకోవాలి అని జమాత్ పెద్దల ముందుకు వస్తారు. నాన్నగారి వీపు చివరిసారి ఎవరు చూశారు అన్న తగవు మా దగ్గరకు ఇంతవరకూ రాలేదు. ఆస్తి అమానత్ అయినప్పుడు, ఆ ఆస్తి సంపాదించిన దేహం అంతకంటే పెద్ద అమానత్ కాదా? కలం ఎత్తబడింది ఆయన మీద నుండి. చుట్టూ ఉన్న మన మీద అది ఇంకా నడుస్తూనే ఉంది.

చేయవలసినది అంత కష్టమేమీ కాదు. కూర్చోబెట్టి తినిపించాలి, తిన్న అరగంట దాకా పడుకోబెట్టకూడదు. లేవలేని వారిని రెండేసి గంటలకొకసారి ప్రక్కకు తిప్పాలి. నడుము, మడమలు ఎర్రబడ్డాయేమో రోజూ చూడాలి. హఠాత్తుగా ప్రవర్తన మారితే ముందు డాక్టరుకు చూపించాలి. దువా మానమని కాదు, దువా మందుకు అడ్డు కాదు.

ఇప్పుడు మమ్మల్ని దమ్ చేయమని పిలిస్తే, ఆయతులు చదవడానికి ముందే అడుగుతున్నాము: ఈ రోజు ఎన్ని గ్లాసుల నీళ్ళు త్రాగారు? మూత్రం ఎప్పుడు పోశారు? జ్వరం చూశారా? మౌల్వీ సాహెబ్ డాక్టరు ప్రశ్నలు వేస్తున్నారేమిటని మొన్న ఒకాయన నవ్వారు. నీళ్ళ చెంబు మాత్రం లోపలి నుండి వెంటనే వచ్చింది.