ముక్కుకు అడ్డం పెట్టిన చెయ్యి

మా అమ్మాయిది సిడ్నీలో ఉద్యోగం. చూసొద్దామని పోతే ఒక సాయంత్రం పరమట్టా పార్కుకు తీసుకుపోయింది. ఏటి ఒడ్డున చెట్లనిండా పెద్ద గబ్బిలాలు. బూడిదరంగు తల, మెడచుట్టూ ఎర్రటి బొచ్చు, చాపితే మీటరు వెడల్పు రెక్కలు. తలకిందులుగా వేలాడుతూ ఒకటే కీచులాట.

గాలి మా వైపు తిరిగింది. గుప్పున వాసన. గబుక్కున జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. పెట్టుకున్నాక గుండె కలుక్కుమంది.

పల్నాడులో మా తాత లందలో తంగేడు చెక్కేసి తోళ్లు నానబెట్టేవాడు. మా మాదిగపల్లె పక్కన పోయే ఊరి పెద్దలు పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకుని పోయేవాళ్లు. ఆ తోళ్లతో కుట్టిన చెప్పులేసుకునే పోయేవాళ్లు! చిన్నప్పుడు నన్ను కోసిన ఆ నడత నాకెట్టా అబ్బింది?

ఆ వాసన మురికిది కాదు. మగ గబ్బిలాలు భుజాల కాడి గ్రంథుల జిడ్డును కొమ్మలకు రుద్ది 'ఇది నా చోటు' అని చెప్పుకుంటాయి. 1941లో జాషువా 'గబ్బిలం' రాసినప్పుడు అంటరానివాడి మొరను కాశీలో శివుడికి చేర్చమని పంపింది గబ్బిలాన్నే. మనిషికి మూసిన గుడి గబ్బిలానికి తెరిచే ఉంది. మా కబురు మోసినదాన్ని చూసి నేను ముక్కు మూసుకున్నాను.

అదే సిడ్నీలో రాయల్ బొటానిక్ గార్డెన్ నుంచి 2012లో పెద్ద మోతలు పెట్టి వీటిని వెళ్లగొట్టారు. పాత చెట్లు పాడైన మాట నిజమే, కాదనను. కానీ పుప్పొడినీ విత్తనాలనూ మైళ్లదూరం మోసి అడవిని నిలబెట్టేదీ ఇవే. ముప్పులో ఉన్న జాతి అని 2001లో ఆ ప్రభుత్వమే జాబితాకెక్కించింది.

నష్టమంటే లెక్క అడగొచ్చు, వాదించొచ్చు, మధ్యేమార్గం వెతకొచ్చు. అసహ్యం ఎవరికీ లెక్క చెప్పదు. మమ్మల్ని ఊరికి ఎడంగా పెట్టినోళ్లు మావల్ల ఏ నష్టం చూపించారు గనక? మనిషినీ గబ్బిలాన్నీ ఒక్క గాట కట్టడం లేదు నేను. నేను చెప్పేది నా చెయ్యి సంగతి. దెబ్బ తిన్నంత మాత్రాన మనిషి మంచోడైపోడు. తిన్న దెబ్బను గుర్తుపెట్టుకుని చెయ్యి దించుకోవాలి.

'ఏంది నాన్నా, పోదామా?' అంది అమ్మాయి. రుమాలు జేబులో పెట్టుకున్నాను. వాసన అట్టాగే ఉంది. పొద్దుగూకి అవన్నీ గుంపులుగా లేచిపోయిందాకా అక్కడే నిలబడ్డాం.