పొట్టకు పట్టీ వేస్తే మితత్వము వస్తుందా?



స్థూలకాయము తగ్గించడానికి శరీరంలో ఒక పరికరాన్ని అమర్చే వైద్యం గురించి, పొట్ట తగ్గించే ఆపరేషన్ల గురించి మన కుటుంబాలలో ఇప్పుడు తరచుగా మాట్లాడుకుంటున్నారు. అమెరికాలో ఉన్న కూతురో, హైదరాబాదులో ఉన్న అల్లుడో అలాంటి వైద్యం చేయించుకున్నారని తెలిస్తే ఇంట్లో రెండు రకాల మాటలు వినబడతాయి. "డాక్టరు చెప్పాడు, చేయించుకున్నారు, ఇందులో ఆలోచించడానికి ఏముంది?" అని ఒకరంటారు. "నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకున్నారు" అని మరొకరంటారు. మొదటి వారికి ప్రశ్నే లేదు. రెండవ వారు తీర్పు ముందే చెప్పేశారు. మనం కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

ముందుగా ఆ పరికరమేమిటో తెలుసుకోవాలి. వీటిలో ఎక్కువ పేరు పొందినది జీర్ణకోశపు పట్టీ. సిలికోనుతో చేసిన ఉంగరం వంటి దానిని జీర్ణకోశము పైభాగం చుట్టూ బిగిస్తారు. పైన చిన్న సంచి మాత్రమే మిగులుతుంది గనుక కొద్దిగా తినగానే కడుపు నిండినట్లు ఉంటుంది. ఆ పట్టీ నుండి ఒక సన్నని గొట్టం చర్మం కిందికి వస్తుంది. దాని ద్వారా సూదితో ఉప్పునీరు ఎక్కించి పట్టీని బిగించవచ్చు, తీసివేసి వదులు చేయవచ్చు. పెద్ద కోత లేకుండా, చిన్న రంధ్రాల గుండా ఈ పట్టీని అమర్చడం 1993లో బెల్జియం దేశంలో మొదలయింది. అమెరికా ప్రభుత్వం 2001లో అనుమతి ఇచ్చింది. తరువాతి కాలంలో పట్టీ జారిపోవడం, లోపలికి కోసుకుపోవడం, ఆశించినంత బరువు తగ్గకపోవడం వలన చాలామందికి దానిని తిరిగి తీసివేయవలసి వచ్చింది. అందుచేత దాని వాడకం బాగా తగ్గింది. కాని అది లేవదీసిన నైతిక ప్రశ్నలు మాత్రం మిగిలే ఉన్నాయి.

మొదటి ప్రశ్న: లావుగా ఉన్నవారందరూ తిండిబోతులేనా? మన లోకం "తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు" అని సులువుగా అనేస్తుంది. శ్రీసభ పండితులు అలా అనలేదు. ఆరవ శతాబ్దపు పునీత గ్రెగోరి పోపుగారు తిండిబోతుతనములో అయిదు రీతులు చూపించారు: వేళ కాకముందే తినడం, ఖరీదైనవే కోరడం, రుచులకై అతిగా శ్రమపడడం, మితిమీరి తినడం, ఆత్రంగా తినడం. వీటిలో పరిమాణము ఒక్కటి మాత్రమే. ఈ పాపము ఆహారములో లేదని, వివేకమునకు లోబడని కోరికలో ఉన్నదని పునీత తోమాసు అక్వినాసుగారు బోధించారు. ఈ లెక్కన, కూరలో ఉప్పు తగ్గిందని కంచం విసిరికొట్టే బక్కపలుచని భర్త కూడా తన మనస్సాక్షిని అడిగి చూసుకోవాలి.

అంతకుముందే అరిస్టాటిల్ తన నీతిశాస్త్రములో మైలో అనే మల్లయోధుని ఉదాహరణగా తీసుకున్నాడు. అతనికి చాలని ఆహారం కొత్తగా సాధన మొదలుపెట్టిన వానికి ఎక్కువ కావచ్చు. మితము అందరికీ ఒకే కొలత కాదని దీని భావము. ఈనాటి వైద్యశాస్త్రం దీనికి మరికొంత వెలుగు ఇచ్చింది. ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ అనే హార్మోనును 1994లో కనుగొన్నారు. పుట్టుకతోనే అది లేని ఇద్దరు పిల్లలను గురించి 1997లో ఇంగ్లండులోని పరిశోధకులు ప్రకటించారు. ఎంత తిన్నా తీరని ఆకలి వారిది. వారిలో ఒక బాలికకు ఆ హార్మోను ఇంజక్షన్లు ఇవ్వగా ఆకలి అణిగింది, బరువు తగ్గింది. అటువంటి కేసులు బహు అరుదు. అయినా అవి ఒక విషయం నేర్పుతున్నాయి: ఆకలి బలము అందరిలోనూ సమానము కాదు. బరువు తగ్గినకొద్దీ శరీరం ఆకలిని పెంచి, ఖర్చు తగ్గించి, పాత బరువుకే లాగుతుందని కూడా వైద్యులు చెబుతున్నారు. "లంఖణం పరమౌషధం" అని సలహా ఇవ్వడం తేలిక. అవతలివారు ఎంత బరువైన పోరాటం చేస్తున్నారో మనకు తెలియదు.

రెండవ ప్రశ్న: దేవుడిచ్చిన అవయవమును ఇలా బంధించవచ్చునా? మనిషి తన శరీరమునకు యజమాని కాడు, గృహనిర్వాహకుడు మాత్రమే. అయితే అవయవము మొత్తము శరీరము మేలు కొరకే ఉన్నది గనుక, ఆ మేలుకు అవసరమైనప్పుడు భాగమును అడ్డుకోవచ్చునని పన్నెండవ భక్తినాధ పోపుగారు 1952లో వైద్యులకు వివరించారు. కనుక మధుమేహము, గుండె జబ్బు, నిద్రలో ఊపిరి ఆగడం వంటి బాధలు ఉన్నవారికి ఈ వైద్యం తప్పు కాదు. ప్రమాదానికీ ప్రయోజనానికీ పొంతన ఉండాలి. రోగి తెలిసి, ఇష్టపడి ఒప్పుకోవాలి.

ఆ పొంతన కోసమే వైద్యులు హద్దులు పెట్టుకున్నారు. 1991లో అమెరికా నిపుణుల సభ, ఎత్తుకు తగిన బరువును చూపే సూచిక 40 దాటితే, లేదా తీవ్రమైన జబ్బులుండి 35 దాటితే శస్త్రచికిత్స ఆలోచించవచ్చునన్నది. అయిదడుగుల మూడంగుళాల మనిషికి 40 అంటే సుమారు 102 కిలోలు. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఆ హద్దును తగ్గించాయి, ఆసియా వారికి ఇంకా తక్కువ పెట్టాయి. హద్దు ఎక్కడ గీసినా అది ఆరోగ్యమును చూసి గీసినదే. పెళ్ళిచూపులకు సన్నగా కనబడాలని, కట్నము తగ్గుతుందని కూతురిని ఆపరేషను బల్ల ఎక్కించడం వైద్యము కాదు. ఆరోగ్యమును కాపాడుకోవాలని చెప్పే సత్యోపదేశమే శరీరమును విగ్రహముగా చేసుకోవద్దని కూడా హెచ్చరిస్తున్నది.

మూడవ ప్రశ్న అన్నిటికన్నా కష్టమైనది: యంత్రం పని చేస్తుంటే సుగుణమునకు చోటెక్కడ? పట్టీ ఉన్నవారిని గమనించండి. అన్నం ముద్ద, మాంసం ముక్క ఆగుతాయి. పాయసము, ఐస్‌క్రీము, తియ్యని పానీయములు సులువుగా జారిపోతాయి. వాటికి అలవాటుపడినవారు పట్టీ ఉండగానే తిరిగి బరువు పెరిగారు. అంటే పట్టీ కడుపును కట్టగలదు, కోరికను కట్టలేదు. ఎంచుకొనే పని మనిషికే మిగిలింది.

కోరికనే తాకాలని చూసిన పరికరం కూడా ఉంది. మెదడుకూ జీర్ణకోశమునకూ మధ్య వార్తలు మోసే వేగస్ నరమును విద్యుత్తుతో అడ్డుకొనే యంత్రమును 2015లో అమెరికా అనుమతించింది. 2014లో ప్రచురించిన దాని పరీక్షలో కొందరికి పనిచేసే యంత్రం, కొందరికి పనిచేయని యంత్రం పెట్టారు. ఎవరికి ఏది ఉందో వారికి చెప్పలేదు. సలహాలు, పర్యవేక్షణ అందరికీ ఇచ్చారు. ఏడాది తరువాత మొదటివారి అదనపు బరువులో 24 శాతం తగ్గింది. రెండవవారికి కూడా సుమారు 16 శాతం తగ్గింది! యంత్రం చేసిన మేలు ఉన్నది, కాదనలేము. కాని విద్యుత్తు అందనివారికి తగ్గిన ఆ 16 శాతం గురించి కూడా ఆలోచించండి. ఒకరు తోడుండి క్రమం తప్పక పలకరించడం, తానూ ప్రయత్నించడం వృథా కాలేదని నేను అనుకుంటాను.

కడుపులోనికి వెళ్ళిన భోజనములో మూడవ వంతు వరకు గొట్టం ద్వారా బయటికి తీసి పారవేసే పరికరమునకు 2016లో అనుమతి లభించింది. దానిని తయారుచేసిన కంపెనీ 2022లో మూతబడింది. తినడమును పోషణ నుండి విడదీయడం నాకు మింగుడుపడదు. అయితే గొట్టం పూడకుండా ఆహారాన్ని నిదానంగా, మెత్తగా నమలడం నేర్చుకొని మేలు పొందిన రోగులు కూడా ఉన్నారు. పద్ధతిని ప్రశ్నిద్దాం. వారిని పాపులని పిలవవద్దు.

సుగుణము అంటే సాయం లేకుండా గెలవడం కాదు. తన బలహీనత తెలిసి తగిన సాయం వెదకడం వివేకము. ముఖ్య సుగుణములలో వివేకము కూడా ఒకటి గదా! పట్టీ వేయించుకున్న వ్యక్తి ప్రతి భోజనమప్పుడు "ఇక చాలు" అని చెప్పుకోవలసినదే. ఆ మాట చెప్పుకొనే శక్తి లేనంతగా ఆకలి బాధించిన వానికి పరికరం కాస్త వెసులుబాటు ఇస్తుంది. ఆ వెసులుబాటులో మితత్వమును సాధన చేయవలసినది అతడే.

మరి మనమేమి చేయాలి? విచారణ పండుగ విందులో ఇలాంటివారు రెండు ముద్దలతో లేస్తే "మా వంట నచ్చలేదా?" అని బలవంతపెట్టి వడ్డించవద్దు. శుద్ధ శుక్రవారమున ఉపవాసము ఉండలేకపోతే వేలెత్తి చూపవద్దు, అనారోగ్యం ఉన్నవారికి ఆ నియమము నుండి సడలింపు ఉన్నది. లావుగా ఉన్న పిల్లలకు ఇంట్లో మారుపేర్లు పెట్టవద్దు. సాయంత్రం వారితో కలిసి నాలుగడుగులు నడవండి. ఆ నడకకు ఏ పరికరమూ అక్కరలేదు.