అప్పటికై ఇప్పుడే

నేడు మన గృహములలో పెక్కింటికి గ్యాసుపొయ్యి వచ్చినది. మీట త్రిప్పినంతనే మంట వెలుగుచున్నది. కావున వంటచెరకును గూర్చిన ప్రసంగము కొందఱకు వింతగా తోపవచ్చును. అయినను మన పెద్దలు కట్టెలను నిలువచేసికొనిన తీరులో భక్తునకు అత్యవసరమైన పాఠమొకటి కలదు.

మున్నేటి యొడ్డున నున్న పెనుగంచిప్రోలు మొదలుకొని నందిగామ, జగ్గయ్యపేట మెట్టగ్రామములలో వైశాఖమాసము వచ్చినదనగా గృహస్థులు కట్టెల పనిలో నిమగ్నులగుచుండెడివారు. కందికంప, పత్తికట్టె, మిరపకట్టె నిప్పు రాజబెట్టుటకు పనికివచ్చును. నిలుకడగా మండుటకు తుమ్మమొద్దు కావలెను. మొద్దులను గొడ్డలితో చీల్చి పేళ్లు చేసి, నేల చెమ్మ తగులకుండ రెండు దుంగలమీద, నడుమ గాలి యాడునట్లు, ఒక వరుస అడ్డముగను ఒక వరుస నిలువుగను పేర్చెడివారు. రోహిణికార్తె యెండలలో కట్టె చివరలు నెఱ్ఱెలు విచ్చును, బెరడు తనంతట తాను ఊడును. రెండు పేళ్లను ఒకదానితో నొకటి తట్టినపుడు ఖంగున మ్రోగినచో ఎండినదని గుర్తు. అట్టి కట్టెను ఆషాఢపు తొలివానకు ముందే వసారాలోనికి చేర్చెడివారు.

ఇంత శ్రమ యెందులకు? పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే యుండును. దానిని పొయ్యిలో పెట్టినచో అగ్ని తన వేడిమిని మొదట ఆ నీటిని ఆవిరిచేయుటకే వెచ్చించును. పొగ కమ్మును, కన్నులు మండును, ఎసరు మాత్రము కాగదు. ధనుర్మాసమున ముప్పది దినములును తెల్లవాఱకమునుపే కాగులో నీళ్లు కాగవలెను, తిరుప్పావై అనుసంధానము ముగియువేళకు స్వామికి వేడి పొంగలి సిద్ధముకావలెను. ఆపైన మాఘపూర్ణిమకు పెనుగంచిప్రోలు తిరునాళ్లలో శ్రీ తిరుపతమ్మ అమ్మవారికి పొంగళ్లు పెట్టవలెను. తిరుపతి వేంకటేశ్వరుని వరమున జన్మించుటచేతనే ఆ తల్లికి ఆ పేరు కలిగినదని స్థలగాథ. చలిదినముల నాటి యీ సేవలన్నిటికిని కట్టె ఎండుట మండువేసవిలోనే జరుగవలసియున్నది.

నా బాల్యమున జరిగిన యొక విషయము చెప్పెదను. ఒక శ్రావణమాసమున ముసురు పట్టి వారము దినములు విడువలేదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో మున్నేటి పొంగును చూచినవారికి అట్టి వానలను వర్ణింపనక్కఱలేదు. ఆ ముసురులో ఊరి చివర కూలి చేసికొని బ్రతుకు వృద్ధుడొకడు కాలము చేసెను. దహనమునకు ఎండుకట్టె ఎచ్చటను దొరకలేదు. అతని కుమారుడు మా అరుగు క్రింద తడియుచు నిలిచెను. మా అమ్మమ్మగారు మాటాడక వసారా తలుపు తీయించి, ధనుర్మాసమునకై దాచిన కట్టెలన్నిటిని బండికెత్తించిరి. “అమ్మమ్మా! మఱి స్వామి పొంగలికో?” యని నేనడిగితిని. “నాయనా! స్వామి పొంగలికి ఇంక నాలుగు నెలలున్నవి. నడుమ ఎండ కాయకపోదు. వారికి మాత్రము నేడే కావలెను” అని ఆమె బదులు చెప్పెను. వానలో వెదకినవానికి దొరకనిది, ఎండలో కూర్చుకొనినవాడు ఇయ్యగలిగెను.

అనేక సంవత్సరములకు ఆ అమ్మమ్మగారే మంచము పట్టిరి. జీవితమంతయు వేకువజామున నామస్మరణ మానని ఆమెకు, చివరి నాలుగు దినములు మాట పడిపోయెను. తెలివియు లేదు. మా తల్లి ఆమె చెవిలో నారాయణ నామము పలుమాఱులు చెప్పి, పెదవులు కదలకపోవుట చూచి విలపించెను. “ఇన్నాళ్లు తలచినది, తీరా అంత్యమున తలపలేకపోయెనే! ఈమె గతి యేమి?” యని ఆమె దుఃఖము. ఇట్టి దుఃఖము మనలో ఎందఱి యిండ్లలోనో కలిగియుండును.

అపుడు ఒక పెద్దలు వచ్చి వరాహ చరమశ్లోకము యొక్క భావమును వినిపించిరి. మనస్సు స్వస్థముగాను, శరీరము దృఢముగాను ఉన్నపుడు ఎవడు నన్ను స్మరించునో, వాడు మరణకాలమున కట్టెవలె, రాతివలె పడియున్నను నేనే వానిని స్మరించి పరమగతికి కొనిపోవుదునని వరాహస్వామి భూదేవికి మాట యిచ్చెను. వాడు నన్ను స్మరింపవలెనని స్వామి ఆ సమయమున నియమము పెట్టలేదు. స్మరించు భారమును తానే వహించెను. పెరియాళ్వారులును శ్రీరంగనాథుని సన్నిధిలో ఇదే విన్నపము చేసిరి. ఆ కడపటి వేళ నిన్ను తలపజాలనేమో, కావున అప్పటికై ఇప్పుడే చెప్పియుంచితినని వారి భావము. ఆళ్వారే అంత్యకాలమున తమ శక్తిని నమ్మలేదన్నచో, మన మాట చెప్పవలెనా? ఆ మాటలు వినిన పిమ్మట మా తల్లి కన్నీరు తుడిచికొని, అత్తరువాత నిశ్చింతగా తల్లి చేయి పట్టుకొని కూర్చుండెను.

“అట్లయిన మన ప్రయత్నముచేతనే మోక్షమా?” యని ప్రశ్నింపవచ్చును. కాదు. కట్టెను ఎండబెట్టునది సూర్యుడే గాని మనము కాము. నీడనుండి తెచ్చి ఎండలో పెట్టుట మాత్రమే మన పని. అట్లే మనస్సులోని విషయాసక్తి యను చెమ్మను హరించునది భగవత్కృపయే. ప్రతిదినము కొంతసేపు ఆ కృప యెదుట నిలుచుట మనవంతు.

ఆ స్వామికి కట్టెల కష్టము తెలియనిది కాదు. అవంతిలో సాందీపని మహర్షి గురుకులమున నున్నపుడు, గురుపత్ని పంపగా కుచేలునితో గూడి అడవికి కట్టెలకై వెళ్లెను. అకాలవర్షము కురిసి, చీకటి క్రమ్మి, దారి కానక ఇరువురును చేతులు పట్టుకొని రాత్రియంతయు తిరిగిరని భాగవత దశమస్కంధము చెప్పుచున్నది. తెల్లవాఱగనే గురువు తానే వెదకికొనుచు వచ్చెను. కట్టెల మాట అడుగలేదు. మాకొఱకు ఇంత కష్టపడితిరే యని దీవించెను. వెదకబడుటలోని ఊరట యెట్టిదో ఎఱిగిన ఆ స్వామి, దారి కానని మనలను వెదకక విడుచునా?

కావున భక్తులారా! కాలు చేయి ఆడుచుండగా, నాలుక తిరుగుచుండగా, ప్రతిదినము ఒక్క గడియ నామమును పేర్చికొందము. ఇరుగుపొరుగుల ఆపదకు ఇచ్చుటకు మనయింట ఎంతోకొంత సిద్ధముగా నుంచుకొందము. వాన యెన్నడు వచ్చునో మనకు తెలియదు. ఎండ మాత్రము నేడున్నది.

శ్రీ వేంకటేశ్వరస్వామియు, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లియు మనకందఱకు అట్టి బుద్ధిని అనుగ్రహింతురుగాక!