దేవుడికి ఎంత గట్టిగా వినిపించాలి?

భిలాయిలో వినాయక నిమజ్జనం రాత్రి డీజే బండి ఇంకా సందు మొదట్లో ఉండగానే క్వార్టర్ల కిటికీ అద్దాలు వణుకుతాయి. కాసేపటికి ఆ దరువు గుండెలోనే మోగుతుంది. కుర్రాళ్ల ఒళ్లు దానంతటదే ఊగుతుంది.

దాన్ని పొగరని కొట్టిపారేయలేం. సుమారు 90 డెసిబెల్స్ దాటిన మోత లోపలి చెవిలో శరీర సమతుల్యాన్ని చూసుకునే భాగాన్ని కూడా కదిలిస్తుందని 2000లో బ్రిటన్ పరిశోధకులు చూపారు. వందమంది ఒకే లయలో ‘నేను’ అన్నది మరచిపోవడం భక్తికి చాలా దగ్గరి అనుభవం.

కానీ ఇది ఉక్కు ఊరు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిననాటి నుంచీ ఇక్కడ ఏ వేళలోనైనా షిఫ్టు దిగి పడుకున్నవాళ్లు ఉంటారు. నిద్ర చెడిన మనిషి మర్నాడు కరిగిన ఇనుము పక్కన నిలబడాలి. చెవి సంగతీ అంతే. 100 డెసిబెల్స్ మోత రోజుకు పావుగంట మించకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఊరేగింపు గంటలకొద్దీ సాగుతుంది.

ఇతరుల ప్రశాంతత చెడగొడుతూ ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు 2000 ఆగస్టులో, చెన్నైలోని ఒక చర్చి కేసులో తేల్చింది. మన సంప్రదాయం అంతకన్నా ముందుకెళ్లింది: పెదవి కదలని జపానికి యజ్ఞం కంటే వెయ్యిరెట్ల విలువని మనుస్మృతి మాట. నామసంకీర్తన మాత్రం గొంతెత్తి పాడమంటుంది, నిజమే. అయితే ఆ గొంతు మనిషిది. అలసిపోతుంది, ఊపిరి కోసం ఆగుతుంది. స్పీకర్ల గోడకు ఊపిరి అక్కర్లేదు.