కథాశరీరము – కథాప్రాణము

తాను ప్రేమించిన గ్రంథము చలనచిత్రముగా వెలువడినదని విని పాఠకుడు గంపెడాశతో పోవును. పెక్కుమార్లు ఖిన్నుడై మరలివచ్చును. “ఇది నేను చదివిన కథ కాదు” అనునదే వాని వేదన. ఈ వేదన వట్టి అభిమానమువలన పుట్టినదా, లేక దానియందు న్యాయమైన అంశ మేమైన కలదా అనునది విచారణీయము.

కథను మార్చుట స్వతః దోషము కాదు. ఇతివృత్తమున రసమునకు ప్రతికూలమైన భాగ మున్నచో దానిని విడిచి, రసోచితమైన కథను కల్పించుకొనవచ్చునని ధ్వన్యాలోకమున ఆనందవర్ధనుడు అనుమతించెను. మహాభారతములోని శకుంతలోపాఖ్యానమున దుర్వాసుని శాపము లేదు. అందు దుష్యంతుడు ఎరిగియుండియే ఎరుగ ననును. కాళిదాసు నాటకమున శాపవశమున మరచును. అయినను మరపు తొలగినపిదప పశ్చాత్తాపాగ్నిలో వేగక తప్పలేదు. చేసిన నిరాకరణమునకు చింతింపవలసినవాడు తానే. కథాశరీరము మారినది, ప్రాణము నిలిచినది. కావుననే సహృదయులు ఆ మార్పును శిరసావహించిరి.

ప్రాణమునకే హాని కలిగినచో ఏమగునో ఆధునిక కాలపు టుదాహరణ మొకటి తెలుపును. అమెరికా రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1968లో ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ అను అద్భుతకథను ప్రకటించెను. అది ద్వీపమయమైన కల్పితలోకము. అచ్చట ప్రతివస్తువునకు ఒక సత్యనామము కలదు. దాని నెరిగినవానికి ఆ వస్తువుపై అధికారము కలుగును. మేకలు కాచిన గెడ్ అను బాలుడు మంత్రవిద్య నభ్యసించుచు, గర్వాంధుడై మృతుల లోకమునుండి ఒక ఆత్మను పిలుచును. దానితో ఒక నీడయు వెలువడి వానిని వెన్నాడును. ఎంత దూరము పారిపోయినను విడువదు. తుదకు గురువు మాటచే వెనుదిరిగి, తానే దానిని తరుముకొనిపోయి, సముద్రపు టంచున ఎదుర్కొని, తన పేరుతోనే దానిని పిలుచును. అది అన్యము కాదు, తానే. మన పెద్దలు అరిషడ్వర్గమని చెప్పిన శత్రువులును లోపలివారే కదా!

ఈ గ్రంథమాల 2004లో అమెరికాలో టెలివిజన్ చిత్రమయ్యెను. రచయిత్రి తామ్రవర్ణునిగా వర్ణించిన నాయకుడు అందు శ్వేతవర్ణు డయ్యెను. ఆమె తన నిరసనను బహిరంగముగా వ్రాసి ప్రకటించెను. 2006లో జపానుదేశపు జిబ్లీ సంస్థ, గోరో మియజాకి దర్శకత్వమున, ముఖ్యముగా ఈ మాలలోని మూడవ గ్రంథము నాధారముగా గొని మరియొక చిత్రమును నిర్మించెను. అందు రాకుమారుడు తండ్రిని చంపును; గ్రంథమున అట్టి ఘటన లేదు. ఆ హత్యకు హేతువును స్పష్టముగా చూపలేదు. లోకమునకు పట్టిన కీడంతయు ఒక మాంత్రికునిపై మోపి, వాని చావుతో కథ ముగించిరి. రచయిత్రి ప్రధానమైన ఆక్షేపణ ఇదియే.

నీడను తనలో గుర్తించిన పాఠకుడు ‘నా నీడ యేది?’ అని తన్ను తాను ప్రశ్నించుకొనును. దుష్టుని చావు చూచిన ప్రేక్షకుడు తాను నిర్దోషి నని తలచుచు నిశ్చింతగా ఇల్లు చేరును. ఇది ప్రాణహాని.

చలనచిత్రము కంటికి కనబడు కళ గదా, అంతరంగము నెట్లు చూపునని కొందరందురు. నాటకమును దృశ్యకావ్యమే. ఉత్తరరామచరితము తృతీయాంకమునకు ఛాయాంకమని పేరు. కంటికి కనరాని సీత చెంతనుండగా రాముడు విలపించును. యుద్ధము లేదు, దుష్టుడు లేడు. ఉన్నది రాముని హృదయమొక్కటే. భవభూతికి సాధ్యమైనది కళకు అసాధ్యము కాదు.

అయినను లె గ్విన్ నడవడి గమనింపదగినది. జపాను చిత్రమును చూచి, అది తన పుస్తకము కాదనియు, దర్శకుని చిత్రమనియు, మంచి చిత్రమే యనియు ఆమె అతనితోనే చెప్పెను. అందలి పల్లెపనుల దృశ్యములను మెచ్చుకొనెను. లోపములను దాచక వ్రాసెను. సత్యము చెప్పినది, ద్వేషము పూనలేదు.

ఆశాభంగము నొందిన పాఠకునకు ఇదియే మార్గము. దోషమంతయు దర్శకునిపై మోపి వానిని నిందించుటతో తృప్తి నొందువాడు, ఏ తప్పును చూచి నొచ్చుకొనెనో ఆ తప్పునే తాను చేయుచున్నాడు. గ్రంథము చెక్కు చెదరక అరలోనే యున్నది. దానిని మరల తెరచి, అది అడిగిన ప్రశ్నకు తన జీవితమున సమాధానము వెదకుకొనుటయే ఆ కథకు చేయదగిన నిజమైన సేవ.