జూడిత్‌కి చోటేది?

ఫ్లారెన్స్ నడిబొడ్డున, పాత ప్రభుత్వ భవనం పక్కనే మూడు పెద్ద కమానుల మండపం ఒకటుంది. లోజ్జా దెయి లాంజి అంటారు. టికెట్టు అక్కర్లేదు, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. ఒక కమాను కింద చెల్లీని కంచు విగ్రహం. 1554లో ఆవిష్కరించారు. పెర్సియస్ మెడూసా మొండెం మీద నిలబడి, జుట్టు పట్టుకుని ఆమె తలని ఎత్తి చూపిస్తుంటాడు. ఇంకో కమాను కింద 1583 నాటి జాంబొలోన్యా పాలరాతి శిల్పం. పెనుగులాడే స్త్రీని ఒక యువకుడు ఎత్తుకుపోతుంటే, కింద ఒక ముసలివాడు కుంగిపోయి చూస్తుంటాడు. నాలుగు మీటర్ల ఎత్తు, అంతా ఒకే రాయి. దాన్ని ‘సబైన్ స్త్రీ అపహరణ’ అంటారు గానీ ఆ పేరుతో శిల్పి మొదలుపెట్టలేదు. మూడు దేహాల్ని ఒకే రాతిలో మెలితిప్పి తన పనితనం చూపాలనుకున్నాడు. కథని తర్వాత అతికించారు. స్త్రీ పెనుగులాట ముందు ఒక ఆకారం మాత్రమే. అది ఎవరి మీద జరిగిన హింసో తర్వాత వెతుక్కున్నారు!

ఆ చోట అంతకుముందున్నది దొనాతెల్లో చేసిన జూడిత్. తన ఊరిని ముట్టడించిన సేనాధిపతి తల నరకడానికి కత్తెత్తిన వితంతువు. 1494లో మెదీచీ కుటుంబాన్ని వెళ్ళగొట్టాక, మరుసటి ఏడు ఆ విగ్రహాన్ని వాళ్ళ ఇంటినుంచి తెచ్చి ప్రభుత్వ భవనం ముందు పెట్టారు, నియంతలకు హెచ్చరికగా. 1504లో మికలాంజెలో డేవిడ్‌ని ఎక్కడ నిలబెట్టాలని పెద్దలు సమావేశమయ్యారు. ఆ బొమ్మ అశుభమనీ, ఆడది మగవాణ్ణి చంపడం చూడ్డానికి తగదనీ ప్రభుత్వ ప్రతినిధి ఒకాయన వాదించాడు. డేవిడ్ వచ్చాడు, జూడిత్ తప్పుకుంది. కొన్నాళ్ళకి ఈ కమాను కిందికి చేరింది. 1580లలో ఎత్తుకుపోబడే స్త్రీ కోసం అక్కణ్ణించీ కదిలింది. చంపే స్త్రీకి లేని చోటు ఎత్తుకుపోబడే స్త్రీకి దొరికింది.

ఇదంతా తెలిసిన మనిషి తోటి ప్రయాణికులకు చెప్పాలా, వద్దా?

మేం నలుగురు స్నేహితురాళ్ళం వెళ్ళాం. మాలో పెద్దావిడ, మేమంతా అక్కా అని పిలిచేది, భర్తా పిల్లలూ లేకుండా ప్రయాణం చేయడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. ఆ శిల్పం కింద నిలబడి ఫోటో తీయమంది. నేనేదో చెప్పబోతే, “ఈ పది రోజులైనా నన్ను హాయిగా చూడనివ్వవే తల్లీ” అంది. ఇంకొకామె కాస్త కటువుగానే, “మన గుళ్ళ గోడల మీద మాత్రం ఏముందే?” అంది. న్యాయమైన ప్రశ్నే. రోమ్‌లో బెర్నీని చెక్కిన ప్లూటో వేళ్ళు ప్రోసెర్పినా తొడలోకి దిగబడ్డ చోట, రాయి మాంసంలా నొక్కుకుపోవడం చూసి అందరితోపాటు నేనూ ఊపిరి బిగబట్టాను. ఆ పనితనం అబద్ధం కాదు.

అక్క సంతోషం చిన్న విషయమని నేననను. ముప్పయ్యేళ్ళు అందరి ఇష్టాలూ వండిపెట్టిన మనిషి తన కళ్ళ కోసం తాను ఒక ఊరు చూడటం కూడా స్త్రీవాదమే. సిద్ధాంతం పేరుతో ఆ హాయిని లాక్కునే హక్కు నాకెక్కడిది? కానీ నేను నోరు మూసుకోవడంలో ఇంకో చిక్కుంది. ‘ఆమెకెందుకు చెప్పడం, బాధపడుతుంది’ అన్న మాట మన ఇళ్ళలో ఎవరు అంటారు? ఆస్తి కాగితాల గురించీ, ఆస్పత్రి రిపోర్టుల గురించీ మగవాళ్ళు అనేది అదే మాట. ఆమె తట్టుకోలేదని నేను ముందే తేల్చేస్తే నా దయకీ వాళ్ళ దయకీ తేడా ఏమిటి? పైగా తెలిస్తే అందం చచ్చిపోతుందని ఎందుకనుకోవాలి? ఓల్గా ‘సమాగమం’లో శూర్పణఖ తనకు జరిగింది మర్చిపోయి తోట పెంచలేదు.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను, జూడిత్ కథతో సహా. ఒకామె విసుక్కుంది. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆవిడిప్పుడెక్కడుంది?” అని అడిగింది.

భవనం ముందున్నది నకలు. అసలు జూడిత్ లోపల, పై అంతస్తులో లిల్లీల గదిలో ఉంది. మర్నాడు మిగతా ఇద్దరూ తోలు సంచులు కొనడానికి వెళ్ళారు. అక్కా నేనూ టికెట్ల వరసలో నిలబడ్డాం. ఫోటో తీయనా అంటే, వద్దు, ముందు చూడనీ అంది.