ముగ్గుచిప్ప

తప్పని తెలిసి తప్పు చేస్తే క్షమాపణ అడగొచ్చు. మంచి చేశాననుకుని తప్పు చేసినవాళ్ళు ఏమని అడుగుతారు?

ఆ మధ్య శ్రీరామనవమికి బుచ్చిరెడ్డిపాలెం వెళ్ళాను. కోదండరామస్వామి గుడికి దగ్గర్లోనే మా అన్నయ్య ఇల్లు. వదినకి మూడేళ్ళుగా కీళ్ళవాతం. డాక్టర్ల భాషలో రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్. తెల్లవారుజామున లేచి చూద్దును కదా, పనిమనిషి కళ్ళాపి చల్లి వెళ్ళింది. వదిన అరుగు మీద కూర్చుని వేళ్ళు ముడుస్తూ చాపుతూ ఉంది. పక్కన ముగ్గుచిప్ప. నా గుండె తరుక్కుపోయింది. "నీకెందుకొదినా ఈ శ్రమ!" అంటూ చిప్ప లాక్కుని, నాకొచ్చిన నాలుగు గీతలూ గీసేసి, పుణ్యం మూటగట్టుకున్నదానిలా లోపలికొచ్చాను.

వదిన అప్పుడేమీ అనలేదు. మధ్యాహ్నం వక్కలు నములుతూ నెమ్మదిగా అడిగింది.

"ఏం మే, నా చేతులు పడిపోయినాయని నీకెవురు చెప్పారు? పొద్దున్నే బిగుసుకుంటాయి. ఎండెక్కేటప్పటికి ఒదులవతాయి. అందుకే కూర్చోనుండా."

ఎవరు చెప్పారు? మా నాయనమ్మ చెప్పింది. ఆవిడ వేళ్ళు పక్కకి వాలిపోయి, చివరి రోజుల్లో అన్నం కూడా కలుపుకోలేకపోయేది. వదినకీ అదే జబ్బనగానే ఆ చేతుల్ని తెచ్చి ఈమెకి తగిలించేశాను.

శరీరాన్ని కాపాడవలసిన శక్తే కీళ్ళ లోపలి పొరని శత్రువనుకుని దెబ్బతీసే జబ్బిది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువ. నాయనమ్మ కాలంలో కాపడాలూ తైలాలే గతి. 1980ల నుంచి వారానికొక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ బాగా వాడుకలోకి వచ్చింది. ఆలస్యం చెయ్యకుండా మొదలుపెడితే చాలామందికి కీళ్ళు వంకరపోకుండా కాపాడగలుగుతున్నారు. జబ్బు పేరు పాతదే గానీ దాని జాతకం మారింది. మారనిది మన భయం.

అలాగని, "ధైర్యంగా ఉండు, నీకేం కాదు" అనడం కూడా సాయం కాదు. ఆ మాట విన్నవాళ్ళు నొప్పి దాచుకుంటారు, మందు వాయిదా వేస్తారు. ఒకరు రేపటి అవిటితనాన్ని ఇవాళే మొదలుపెడితే, ఇంకొకరు ఇవాళ్టి నొప్పిని లేదనుకుంటారు. ఇద్దరి వెనకా మనలాంటి ఆత్మీయులే ఉంటాం.

ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్‌కి యాభయ్యేళ్ళ ప్రాయంలో ఈ జబ్బు వచ్చింది. 1919లో పోయేదాకా బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. కుంచెని చేతికి కట్టించుకునేవాడని కథగా చెబుతారు. నిజానికి ఆ కట్లు అరచేయి ఒరుసుకుపోకుండా చుట్టినవి. కుంచె మాత్రం ఎవరో ఒకరు వేళ్ళ మధ్య పెట్టవలసి వచ్చేది. రెన్వార్‌ని చూపించి, "నువ్వెందుకు చెయ్యలేవు?" అని రోగిని నిలదీయమని చెప్పడం లేదు. పోల్చుకోవలసింది రోగి కాదు, ఆ పక్కన నిలబడ్డ మనిషితో మనం. ఆ మనిషి కుంచె అందించాడు, నేను చిప్ప లాక్కున్నాను. రెండూ సాయమనే పేరుతోనే చెలామణీ అవుతాయి. తేడా తెలియాలంటే ఒక్కటే దారి. ముందు అడగాలి.

మర్నాడు చిప్ప అరుగు మీదే ఉంచి కాఫీ తెచ్చిచ్చాను. తొమ్మిదింటికి వదిన ముగ్గుకి దిగింది. ఊరికే నిలబడి చూడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చివర్లో నడుం నిలబెట్టి, "ఈ మూల నువ్వెయ్యి మే, ఆడికి వంగలేను" అంది.

వేశాను. ఆ మూల ఎవరు వేశారో వీధిన పోయేవాళ్ళకి కూడా తెలిసిపోయింది. అంత వంకర!